కుందేలుకు జబ్బు చేస్తే హైదరాబాద్‌లో ఎక్కడికి?

హైదరాబాద్‌లో కుక్కకో పిల్లికో డాక్టర్ దొరకడం ఇప్పుడు కష్టమేమీ కాదు. సైనిక్‌పురి నుంచి మణికొండ దాకా ఏ పెద్ద కాలనీకి వెళ్ళినా పెట్ క్లినిక్ కనిపిస్తుంది. డిజిటల్ ఎక్స్‌రే, స్కానింగ్, రక్తపరీక్షల మిషన్ ఒకేచోట ఉన్నవీ ఉన్నాయి. కుందేలు, గినీ పిగ్, కాకటీల్ చిలుక, నీటి తాబేలు పెంచేవాళ్ళ సంగతి అలా లేదు. 'ఎక్సోటిక్ పెట్స్ కూడా చూడబడును' అన్న మాట చాలా బోర్డుల మీద ఉంటుంది. ఆ మాట రాసుకోవాలంటే వేరే పరీక్ష పాసవ్వాలన్న నియమం మన దగ్గర లేదు. అమెరికాలో, యూరప్‌లో పక్షులకూ చిన్న జంతువులకూ విడిగా స్పెషలిస్టు బోర్డులున్నాయి. ఇక్కడ ఐదున్నరేళ్ళ వెటర్నరీ డిగ్రీలో ఎక్కువ చదువు ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి, కుక్కల మీదే సాగుతుంది. కుందేలు పాఠమూ ఉంటుంది గానీ, అది ప్రధానంగా మాంసానికీ బొచ్చుకూ పెంచే కుందేలు పాఠం. ఇంట్లో ఎనిమిది, పదేళ్ళు బతకాల్సిన కుందేలు దవడ పళ్ళ గురించి డాక్టర్ ఆ తర్వాత తనంతట తాను నేర్చుకోవాల్సిందే. అలా శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు నగరంలో ఉన్నారు. వాళ్ళను పట్టుకోవడం ఎలాగన్నదే ఈ రివ్యూ.

ముందు తీర్పు చెప్పేస్తాం. గజ్జి, చెవి పురుగు, చిన్న గాయాలు, గోళ్ళు, మామూలు విరేచనాలు లాంటివాటికి ఇక్కడ వైద్యం నమ్మకంగా దొరుకుతుంది. మత్తిచ్చి చేసే పళ్ళ పనికి, గర్భసంచి ఆపరేషన్‌కు, పక్షి ఎముక విరిగితే కట్టడానికి మాత్రం వెతుక్కోవాలి. ఆ పని తెలిసిన ప్రైవేటు డాక్టర్లు ఎక్కువగా పడమటి వైపే ఉన్నారు. ఎల్బీనగర్, ఉప్పల్ వాళ్ళు ట్రాఫిక్‌లో గంటకు పైగా ప్రయాణం లెక్క వేసుకోవాలి. అర్ధరాత్రి సేవ అన్నిటికన్నా బలహీనం. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే చోట కూడా రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్‌కు కుందేలు తెలిసి ఉంటుందన్న హామీ లేదు.

ఫోన్‌లోనే తేలిపోయేవి

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మొదటి మాట: 'కుందేలుకు ఆపరేషన్ ముందు ఎంతసేపు పస్తు పెట్టాలండీ?' 'రాత్రి నుంచి ఏమీ పెట్టకండి' అని జవాబొస్తే అక్కడ మత్తు ఇప్పించకండి. కుక్కకూ పిల్లికీ పస్తు ఎందుకంటే, మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని. కుందేలుకు వాంతి రాదు, దాని పొట్ట కట్టుబడే అలాంటిది. పైగా దాని పేగులు రాత్రింబవళ్ళు కదులుతూనే ఉండాలి. రాత్రంతా ఖాళీగా ఉంచితే మందగించిన పేగులు మత్తు దిగాక మళ్ళీ అందుకోవు. ఆపరేషన్ బాగా జరిగి, మూడో రోజు కుందేలు చనిపోయిందని చెప్పే ఉదంతాల్లో కొన్నిటికి మూలం ఇదే కావచ్చు. నోట్లో మేత మిగలకుండా గంట, మహా అయితే రెండు గంటలు ఆపితే చాలు. గినీ పిగ్‌కూ రాత్రంతా పస్తు పనికిరాదు.

తర్వాత మత్తు సంగతి. ఐసోఫ్లురేన్ అనే మత్తు గ్యాస్ మిషన్ ఉందా, లేక కెటమిన్, జైలజిన్ ఇంజక్షన్లతోనే నడిపిస్తారా అని అడగాలి. ఇంజక్షన్లతో కుందేళ్ళకు ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి, అవి బతికి బయటపడుతూనే ఉన్నాయి. అయితే ఎక్కించిన కెటమిన్‌ను విరిచే మందు లేదు, గ్యాస్ ఎక్కువైతే అప్పటికప్పుడు తగ్గించవచ్చు. రెండు కిలోల జంతువుకు ఈ తేడా ప్రాణం మీదిది. డాక్టర్‌తోనే మాట్లాడే వీలుంటే మత్తులో గుండె వేగం పడిపోకుండా ఇచ్చే అట్రోపిన్ గురించీ అడగండి. చాలా కుందేళ్ళ రక్తంలో అట్రోపిన్‌ను చకచకా కరిగించేసే ఎంజైమ్ ఉంటుంది. అందుకని ఈ పని తెలిసినవాళ్ళు అదే పనికొచ్చే గ్లైకోపైరోలేట్ వైపు మొగ్గుతారు. ఈ ప్రశ్నకు చిరాకు పడకుండా జవాబిచ్చే డాక్టర్ దగ్గరికి దూరమైనా వెళ్ళవచ్చు.

పక్షికైతే ఒక్క ప్రశ్న సరిపోతుంది: గ్రాముల్లో తూచే కాటా ఉందా? కుక్కల్ని నిలబెట్టే ప్లాట్‌ఫాం కాటా మీద 90 గ్రాముల కాకటీల్ అసలు నమోదే కాదు. బరువు తెలియకుండా రాసే మందు మోతాదు ఊహ మాత్రమే.

ఏయే చోట్లు ఉన్నాయి

రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి కాలేజీ ఆసుపత్రిలో సర్జరీ, మెడిసిన్, పాథాలజీ విభాగాలు ఒకే ఆవరణలో ఉండటం పెద్ద బలం. ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ముందు విద్యార్థులు చూసి, తర్వాత ప్రొఫెసర్ దగ్గరికి పంపుతారు కాబట్టి సమయం పడుతుంది. తొందర లేని జబ్బుకు, అంటే నెమ్మదిగా పెరుగుతున్న గడ్డ, తగ్గని గజ్జి, మూత్రంలో ఇసుక లాంటివాటికి, ఇది మంచి చోటు. పొద్దున్నే వెళ్ళాలి, సగం రోజు ఖాళీ పెట్టుకోవాలి. మేత మానేసిన కుందేలును మాత్రం అక్కడికి మధ్యాహ్నం పూట తీసుకెళ్ళి వరుసలో కూర్చోకండి. నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ ఆసుపత్రి నగరం నడిబొడ్డున ఉంది, సికింద్రాబాద్ వాళ్ళకూ పాతబస్తీ వాళ్ళకూ దగ్గర. ఏ రోజు ఏ డాక్టర్ ఉంటారో ముందు కనుక్కుని వెళ్తే పని సులువవుతుంది.

నెహ్రూ జూ పార్కులో అనుభవజ్ఞులైన డాక్టర్లుంటారు కదా అని కొందరు చిలుకను పట్టుకుని బహదూర్‌పురా దాకా వెళ్తుంటారు. వాళ్ళున్నది జూ జంతువుల కోసం, బయటి పెంపుడు జంతువులకు అక్కడ ఓపీ లేదు. 1962 నంబరుకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు పల్లెల్లో పశువుల కోసం ఏర్పాటైనవి. ఫ్లాట్‌లో ఉన్న గినీ పిగ్‌కు వాటితో పని జరగదు. ఇంటికొచ్చి చూసే డాక్టర్లు గోళ్ళు కత్తిరించడానికి, గజ్జి ఇంజక్షన్‌కు సరిపోతారు. ఊపిరి కష్టంగా ఉన్న జంతువుకు ఇంటికి పిలిపించుకుని ప్రయోజనం లేదు, దానికి కావాల్సిన ఆక్సిజన్, ఎక్స్‌రే సంచిలో రావు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా మందుచీటీ మీద రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆ నమోదు ఉన్నవాళ్ళే వైద్యం చేయాలి. పెట్ షాపులో 'ఇంజక్షన్ మేమే వేస్తాం' అనే మనిషికి ఆ నంబరు ఉండదు.

బల్ల మీద మొదటి పది నిమిషాలు

మంచి డాక్టర్ కుందేలును ముట్టుకునే ముందు మీతో మాట్లాడతారు. ఏం తింటోంది, ఎంత గడ్డి, ఎంత దాణా, పెంటికలు ఎలా ఉన్నాయి, బోను ఎక్కడుంది, మధ్యాహ్నం అక్కడ ఎంత వేడి. ఆ ఉదయం వేసిన పెంటికలు చిన్న డబ్బాలో పట్టుకెళ్తే ఆ డబ్బా మూత తీసి చూస్తారు. శనగగింజంత, గుండ్రంగా, నలిపితే పీచు కనిపించేవి మంచివి. మిరియాలంత చిన్నవి, నల్లగా గట్టిపడినవి, వెంట్రుకతో పూసల్లా గుచ్చుకుని వచ్చినవి పేగులు నెమ్మదించాయని చెబుతాయి.

బల్ల మీద తువ్వాలు పరచకుండా కుందేలును వట్టి స్టీలు మీద పెడితే అక్కడే గమనించండి. కాళ్ళు జారితే అది భయంతో వెనక కాళ్ళతో బలంగా తన్నుతుంది, వెనక భాగానికి ఆసరా లేకపోతే ఆ తన్నుకే నడుం విరుగుతుంది. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిర్రల కింద ఉండాలి. చెవులు పట్టి లేపే మనిషి చేతికి ఇవ్వకండి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండిపోతుంది, దాన్ని చూసి 'హాయిగా ఉంది' అంటారు. అది హాయి కాదు, వేటాడే జంతువుకు చిక్కినప్పుడు వచ్చే బిగుసుకుపోవడం.

తర్వాత పళ్ళు. ఇక్కడే నగరంలో ఎక్కువ క్లినిక్‌లు తప్పుతున్నాయి. కుందేలుకు 28 పళ్ళు. ముందరివి పెదవి ఎత్తితే కనిపిస్తాయి, 22 దవడ పళ్ళు లోపల ఉంటాయి. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందరి పళ్ళు వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల దాకా. గడ్డి తక్కువై దాణా ఎక్కువైతే దవడ పళ్ళు సరిగ్గా అరగవు. కింది పళ్ళ లోపలి అంచు సూదిలా మొనదేలి నాలుకలోకి, పై పళ్ళ బయటి అంచు బుగ్గలోకి గుచ్చుకుంటుంది. బయటికి కనిపించేది ఇంతే: గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకట్టడం, క్యారెట్ వైపు ఆశగా వచ్చి నోట్లో పెట్టుకుని వదిలేయడం, ఒక కంటి నుంచి నీరు కారడం. చెవులు చూసే ఓటోస్కోపును నోటి పక్క నుంచి పోనిచ్చి, మెలకువలో ఉన్న కుందేలుకే దవడ పళ్ళు చూడవచ్చు. ముందరి పళ్ళు మాత్రం చూసి 'పళ్ళు బాగానే ఉన్నాయి' అనడం పరీక్ష కాదు. అలాగని మెలకువలో అన్నీ కనిపించవు, అనుమానం గట్టిగా ఉంటే మత్తులోనే చూడాలి, తలకు ఎక్స్‌రే తీసి వేళ్ళెలా ఉన్నాయో చూడాలి.

పెరిగిన ముందరి పళ్ళను గోళ్ళ కత్తెరతో టక్కున కత్తిరించి పంపించే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఖర్చు తక్కువ, రెండు నిమిషాల పని. కానీ ఆ ఒత్తిడికి పన్ను నిలువునా చీలుతుంది, ఆ చీలికలోంచి చీము వేరు దాకా పోతుంది. కుందేలు చీము కుక్క చీములా కారదు, గట్టి వెన్నముద్దలా దవడలో గడ్డకట్టి కూర్చుంటుంది. దాన్ని తీయడం పెద్ద ఆపరేషన్. పళ్ళను తిరిగే బర్‌తో అరగదీయాలి, బుగ్గకూ నాలుకకూ అడ్డు పెట్టాలి. ఈ పని చేసేచోట నోరు తెరిచి ఉంచే చిన్న స్పెక్యులం, బుగ్గలు పక్కకు లాగే పరికరం ఉంటాయి. 'మీ దగ్గర కుందేలు పళ్ళ సెట్ ఉందా' అని అడిగి చూపించమనవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

మేత మానేసినప్పుడు

కుందేలు పది, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ. 'రేపు పొద్దున చూద్దాం' అనే రిసెప్షన్ ఉన్న చోటు ఈ జబ్బుకు పనికిరాదు. పేగులు ఆగడం దానంతట అది వచ్చే జబ్బు కాదు. పంటి నొప్పి, ఎండ దెబ్బ, పీచు లేని తిండి, నీళ్ళు చాలకపోవడం, పక్క ఫ్లాట్‌లో కుక్క మొరుగుడు, ఏదో ఒకటి వెనక ఉంటుంది. కారణం వెతకకుండా గ్యాస్ చుక్కలు ఇచ్చి పంపితే రెండు రోజుల్లో మళ్ళీ అదే.

వరుస ఇలా ఉండాలి. ముందు ఒంటి వేడి. కుందేలుకు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మామూలు, 38 కన్నా తగ్గితే ముందు వెచ్చబెట్టాలి. తర్వాత పొట్ట తడిమి చూడాలి. మెత్తటి పిండిముద్దలా ఉంటే పేగులు మందగించి ఉండవచ్చు. ఉబ్బి బిగుసుకుని, కుందేలు చప్పగా పడి ఉంటే పేగుల్లో అడ్డంకి అనుమానం, అప్పుడు ఎక్స్‌రే లేకుండా నోట్లో ఏమీ పోయకూడదు. చెవి నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోజ్ చూడటం చవకైన, విలువైన పరీక్ష. డెసీలీటరుకు 360 మి.గ్రా. దాటిందంటే అడ్డంకి వైపే ఆలోచించాలి. నగరంలో ఈ పరీక్ష అడక్కుండా చేసే డాక్టర్ దొరికితే వదులుకోకండి.

అడ్డంకి లేదని తేలాక సెలైన్, నొప్పి మందు, పీచున్న మెత్తటి మేత. నొప్పి మందు లేకుండా మిగతావన్నీ ఇచ్చినా కుందేలు తినదు. మెలాక్సికామ్ అనే నొప్పి మందు కుందేలుకు కుక్క మోతాదు కన్నా ఎక్కువ పడుతుంది, కుక్క లెక్కన ఇస్తే చాలదు. ఇంట్లో సిరంజితో పెట్టే మేతకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 మి.లీ. లెక్క, అది నాలుగైదు విడతల్లో. రెండు కిలోల కుందేలుకు ఒక్కో విడత 20 నుంచి 25 మి.లీ. సిరంజి మొనను ముందరి పళ్ళ పక్క సందులోంచి పెట్టి, ఒక్కో మి.లీ. వదిలి నమిలేదాకా ఆగాలి. తల వెనక్కి వంచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రికవరీ ఫీడ్ పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, జబ్బు చేశాక తెప్పిస్తే అందదు. ఒక ప్యాకెట్ ముందే కొని పెట్టుకోవాలి. అది లేకపోతే గడ్డి గుళికలు వేడినీళ్ళలో నానబెట్టి మిక్సీ పట్టాలి.

గడ్డి గురించి రెండు మాటలు. దిగుమతి తిమోతి హే (ఎండుగడ్డి) ఖరీదు భరించలేనివాళ్ళు దాణా పెంచేస్తారు, పళ్ళ రోగాలు అక్కడే మొదలవుతాయి. వినాయకుడికి పెట్టే గరిక కుందేలుకు చక్కటి మేత. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కట్టలుగా దొరుకుతుంది. కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టవచ్చు. పార్కులో కోసిన గడ్డి వద్దు, మందు కొట్టారో కుక్కలు తిరిగాయో తెలియదు. వరిగడ్డి పరుపుగా మంచిది, ప్రధాన మేతగా చాలదు.

మందుచీటీలో చూడాల్సిన పేర్లు కొన్ని ఉన్నాయి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ కుందేలుకూ గినీ పిగ్‌కూ ప్రాణాంతకం. పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం తయారుచేసే క్లాస్ట్రిడియా అనే బ్యాక్టీరియా పెరుగుతాయి. ఫిప్రోనిల్ స్ప్రే, కుక్కల గోమార్లకు వాడేది, కుందేలు మీద కొట్టకూడదు. గజ్జికి ఐవర్‌మెక్టిన్ బాగా పనిచేస్తుంది, పది పధ్నాలుగు రోజులకు మళ్ళీ వేయాలి. మొదటి ఇంజక్షన్‌కే పొక్కులు రాలిపోయాయని రెండోది మానేస్తే గుడ్లలోంచి కొత్త పురుగు వస్తుంది.

ఆడ కుందేలుకు గర్భసంచి తీయించడం గురించి నాలుగేళ్ళు వచ్చేదాకా ఆగకండి. వయసు పెరిగే కొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. మూత్రం ఎర్రగా కనిపించినంత మాత్రాన రక్తం అనుకోనక్కర్లేదు, తిన్న ఆకుల వల్లా రంగు వస్తుంది. డిప్‌స్టిక్ పరీక్షతో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

గినీ పిగ్‌కు విటమిన్ సి ఒంట్లో తయారవదు. కిలోకు రోజుకు 10 నుంచి 30 మి.గ్రా. కావాలి. అది చాలకపోయినా కీళ్ళు నొప్పెడతాయి కాబట్టి, కుంటుతూ, ముట్టుకుంటే అరిచే గినీ పిగ్‌కు కాలు విరిగిందని కట్టు కట్టేముందు డాక్టర్ ఈ మాట అడగాలి. నీళ్ళలో కలిపిన చుక్కలు త్వరగా శక్తి కోల్పోతాయి. రోజూ పాతిక గ్రాముల క్యాప్సికం పెడితే చాలావరకు సరిపోతుంది.

పక్షులు

పక్షి జబ్బును దాస్తుంది. ఈకలు ఉబ్బించుకుని బోను అడుగున కూర్చుందంటే జబ్బు మొదలై చాలా రోజులైనట్టు. అందుకే ఇంట్లో గ్రాము తేడా చూపే వంటింటి కాటా పెట్టుకుని, రోజూ పొద్దున మేతకు ముందు తూచి రాసుకోవాలి. బడ్జీ అనే చిన్న చిలుక 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ 80 నుంచి 100 దాకా ఉంటాయి. పదో వంతు తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆ కాగితం చూసి సంతోషించే డాక్టర్ పక్షులు తెలిసిన డాక్టర్.

పట్టుకునే తీరు చూడండి. పక్షికి మనలా డయాఫ్రం లేదు, ఛాతీ ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి. మెడ చుట్టూ వేళ్ళు వదులుగా ఉంచి, రొమ్ము మీద ఒత్తిడి లేకుండా తువ్వాలుతో పట్టాలి. పిడికిట్లో బిగిస్తే బల్ల మీదే ప్రాణం పోతుంది. ఊపిరితో పాటు తోక కిందికీ పైకీ ఊగుతున్న పక్షిని ముందు ఆక్సిజన్ పెట్టెలో ఉంచి, తేరుకున్నాక ముట్టుకోవాలి. రక్తం తీయాలంటే ఒంటి బరువులో ఒక శాతం దాటకూడదు. 35 గ్రాముల బడ్జీకి అది 0.3 మి.లీ. చిల్లర మాత్రమే. ఈ లెక్క తెలియని చోట రక్తపరీక్ష వద్దు. గుడ్డు అడ్డం పడ్డ ఆడపక్షికి గంటలే గడువు: వెచ్చదనం, కాల్షియం, ఎక్స్‌రే.

పాతబస్తీ ముర్గీ చౌక్ దుకాణాల్లో 'అన్ని రోగాలకూ' అని ఇచ్చే పసుపు పొడి చాలావరకు టెట్రాసైక్లిన్ రకం. నీళ్ళు చేదెక్కితే పక్షి తాగదు, తాగినా ఎంత పడిందో లెక్క లేదు, పైగా తర్వాత చేసే పరీక్ష తప్పు ఫలితం ఇస్తుంది. చిలుక జాతి పక్షులకు వచ్చే సిటకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. దానికి పక్షికి డాక్సీసైక్లిన్ 45 రోజులు ఇవ్వాలి. ఐదు రోజుల కోర్సు రాసిన చీటీని ప్రశ్నించండి. ఇంట్లో ఎవరికైనా వదలని జ్వరం, పొడిదగ్గు ఉంటే తమ డాక్టర్‌కు పక్షి సంగతి చెప్పాలి. కారణం తెలియకుండా పక్షి హఠాత్తుగా పడిపోయిందంటే డాక్టర్ వంటింటి గురించి అడగాలి: మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ నిమిషాల్లో చంపుతుంది. సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ కూడా పక్షి ఊపిరితిత్తులకు చేటే, కాకపోతే నెమ్మదిగా.

తాబేళ్ళు

ఇక్కడ తెలిసిన డాక్టర్లు మరీ తక్కువ. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే నీటి తాబేలుకు కళ్ళు వాచి మూసుకుపోయాయంటే చుక్కల మందు రాసేముందు విటమిన్ ఎ గురించీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఇచ్చే యూవీబీ దీపం గురించీ అడగాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ ఉండదు, దీపం వెలుగుతున్నా ఏడాది దాటితే దాని శక్తి తగ్గిపోతుంది. నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి తేలితే న్యుమోనియా అనుమానం, ఎక్స్‌రే కావాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా: కుందేలు గజ్జిని మాన్పే ఐవర్‌మెక్టిన్ తాబేలును చంపుతుంది. పురుగుల మందు అని డాక్టర్ సిరంజి తీస్తే పేరు అడిగి తీరాలి.

నక్షత్ర తాబేలునూ రామచిలుకనూ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్లో, రామచిలుక రెండో షెడ్యూల్లో ఉన్నాయి. గాయపడి దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి. సన్ కాన్యూర్, ఆఫ్రికన్ గ్రే, ఇగువానా, బాల్ పైథాన్ లాంటి, అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం (సైటిస్) జాబితాలోని జీవులను 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ కాగితం ప్రింటు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బడ్జీ, కాకటీల్‌కు ఈ నమోదు అక్కర్లేదు.

దారిలో, ఆ తర్వాత

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆటోలో కుందేలును తీసుకెళ్తే చూపించాల్సిన జబ్బు కన్నా ఎండ దెబ్బే ముందు పట్టుకుంటుంది. దానికి చెమట పట్టదు, వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. గడ్డకట్టిన నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి గట్టి ప్లాస్టిక్ బోనులో ఒక పక్కన పెట్టాలి. చెవులు చల్లటి నీళ్ళతో తడపవచ్చు, ఐసు రుద్దకూడదు. మెట్రోలో జంతువుల్ని రానివ్వరు. క్యాబ్ డ్రైవర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే గేటు దగ్గర రైడ్ క్యాన్సిల్ అవుతుంది. వెయిటింగ్ హాల్లో బోను మీద గుడ్డ కప్పి, కుక్కలకు దూరంగా, వీలైతే కారులోనే ఏసీలో కూర్చుని వరుస వచ్చాక పిలవమనాలి. ఇందుకు ఒప్పుకునే రిసెప్షన్ ఉన్న చోటుకు ఒక మార్కు ఎక్కువ వేయవచ్చు.

ఆపరేషన్ రోజు కుందేలు తినడం మొదలుపెట్టాకే ఇంటికి పంపాలి. 'ఇంటికెళ్తే తింటుందిలెండి' అంటే ఇంకో రెండు గంటలు అక్కడే కూర్చోండి. దానికి అలవాటైన గరిక, దాని సొంత నీళ్ళ గిన్నె వెంట తీసుకెళ్తే త్వరగా నోరు పెడుతుంది.

జంతువు చనిపోతే, ఇంట్లో ఇంకా పక్షులో కుందేళ్ళో ఉంటే, పోస్ట్‌మార్టం చేయించడం మిగతావాటికి మేలు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి, ఫ్రీజర్‌లో పెడితే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు. వీలైతే మర్నాడే రాజేంద్రనగర్ పాథాలజీ విభాగంలో అడగండి.

బిల్లు చెల్లించే ముందు చీటీలో మందు పేరు, ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా.లు, ఒక్కో పూటకు ఎన్ని మి.లీ.లు, ఎన్ని రోజులు అన్నవి విడివిడిగా రాయించుకోండి. మెలాక్సికామ్ సిరప్ కుక్కలది మి.లీ.కు 1.5 మి.గ్రా., పిల్లులది 0.5 మి.గ్రా. డాక్టర్ ఒకటి దృష్టిలో పెట్టుకుని 'అర మి.లీ.' అని రాస్తే, మందుల షాపు రెండోది చేతిలో పెడితే, మోతాదు మూడింతలు తేడా వస్తుంది. సీసా మీద అంకె, చీటీలో అంకె ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకోవాలి. సూది లేని ఒక మి.లీ. సిరంజి కూడా అక్కడే అడిగి తీసుకోవాలి.